ఫిర్యాదు కాగితం సీఓ టేబుల్ దాటాలి

సంపాదకులకు,

అగ్నివీర్ నోటిఫికేషన్ పడితే చాలు, శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా తెల్లవారుజామునే గ్రౌండ్లలో అబ్బాయిలతో పాటు అమ్మాయిలూ పరుగు తీస్తున్నారు. ఎత్తు ఎంత ఉండాలి, పరుగు ఎన్ని నిమిషాల్లో పూర్తిచేయాలి, రాతపరీక్షకు ఏం చదవాలి అన్నవి కోచింగ్ సెంటర్లు చక్కగా నేర్పుతున్నాయి. లోపలికి వెళ్లాక పై ర్యాంకు వాడు లైంగికంగా వేధిస్తే, ఒంటి మీద చెయ్యి వేస్తే ఎవరికి చెప్పాలి, ఎన్ని గంటల్లో ఆసుపత్రికి వెళ్లాలి, ఏ కాగితం మీద ఏమని రాయాలి అన్నది మాత్రం ఎవరూ చెప్పడం లేదు. 2021 మేలో బెంగళూరు మిలిటరీ పోలీస్ శిక్షణ కేంద్రం నుంచి 83 మంది మహిళా సిపాయిలు తొలి బ్యాచ్‌గా బయటికొచ్చారు. 2022లో సైనికాధికారులను తయారుచేసే ఎన్‌డీఏలో చేరిన తొలి ఆడపిల్లల్లో 17 మంది 2025 మేలో పాసింగ్ అవుట్ పరేడ్ చేశారు. దుండిగల్ వైమానిక అకాడమీలో, విశాఖ తూర్పు నౌకాదళంలో మహిళా అధికారులు చాలాకాలంగా పనిచేస్తున్నారు. వాళ్లకు దొరికిన అవకాశం గురించి ఎంతో రాశాం. వాళ్ల భద్రత గురించి అందులో పదో వంతు కూడా రాయలేదు. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడవైనా ప్రచురించమని కోరుతున్నాం.

మేం చెప్పేది ఒకటే మాట. ఫిర్యాదు తీసుకునే మనిషి, విచారణకు ఆదేశించే మనిషి, ఏసీఆర్ (ఏటా పనితీరు మీద రాసే రహస్య నివేదిక) రాసే మనిషి, సెలవు ఇచ్చే మనిషి, చివరికి శిక్షను ధ్రువపరిచే మనిషి అంతా ఒకే అధికార వరుసలో ఉన్నంతకాలం ఎన్ని పోస్టర్లు అంటించినా, ఎన్ని ఉపన్యాసాలు ఇప్పించినా ఫలితం ఉండదు. ఆ వరుసలో అందరూ చెడ్డవాళ్లే కానక్కర్లేదు. సీఓ, అంటే యూనిట్ కమాండింగ్ ఆఫీసర్, మంచివాడే కావచ్చు. కానీ కేసు బయటికి వస్తే యూనిట్ పేరు పోతుంది, పై నుంచి సంజాయిషీ అడుగుతారు, తన ప్రమోషన్ బోర్డు దగ్గరపడుతూ ఉంటుంది. నిందితుడు పదిహేనేళ్లుగా పనిమంతుడని పేరున్న సుబేదారు. ఫిర్యాదు చేసిన అమ్మాయి వచ్చి ఆరు నెలలు. 'ఇద్దరినీ పిలిచి మాట్లాడతాను, క్షమాపణ చెప్పిస్తాను, ఇక్కడితో వదిలేద్దాం' అన్న ఆలోచన ఆ కుర్చీలో కూర్చున్న ఎవరికైనా వస్తుంది. నేరం అక్కడే సమాధి అవుతుంది. అదే మనిషి మరో అమ్మాయి మీద చెయ్యి వేయడానికి ధైర్యం కూడా అక్కడి నుంచే తెచ్చుకుంటాడు.

బయటి ఆఫీసుకూ పటాలానికీ తేడా తెలియకపోతే ఈ సమస్య అర్థం కాదు. ఆఫీసులో పనిచేసే అమ్మాయి సాయంత్రం ఆరింటికి ఇంటికి పోతుంది. మరీ భరించలేకపోతే రాజీనామా ఇస్తుంది. బ్యారక్‌లో ఉండే అమ్మాయి నిద్రపోయే గది, తినే మెస్, చూపించుకునే డాక్టరు, ఇంటికి వెళ్లడానికి సెలవు చీటీ అన్నీ యూనిట్ చేతిలోనే ఉంటాయి. భయపడి చెప్పకుండా ఇంటికి వెళ్లిపోతే ఆర్మీ చట్టం 39వ సెక్షన్ కింద సెలవు లేకుండా గైర్హాజరైన నేరం తన మీదే పడుతుంది. పైగా అగ్నివీర్‌కు నాలుగేళ్లే సర్వీసు. ఆ తర్వాత బ్యాచ్‌లో 25 శాతం వరకే రెగ్యులర్‌గా తీసుకుంటారు. ఆ పాతిక శాతంలో ఎవరుండాలన్నది పై వాళ్లు నాలుగేళ్ల పాటు వేసిన మార్కుల మీద ఆధారపడుతుంది. షార్ట్ సర్వీస్ అధికారిణికి పదేళ్ల దగ్గర ఇదే గండం. వేధించేవాడి చేతిలో ఇంతకంటే పెద్ద ఆయుధం అక్కర్లేదు. 'నీ రిపోర్టు నా దగ్గరే ఉంది' అన్న ఒక్క మాట చాలు.

ఏ చోట్ల, ఏ వేళల్లో ప్రమాదమో యూనిట్లో పనిచేసిన వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. రాత్రి రోల్ కాల్ అయ్యాక శిక్ష పేరుతో ఒంటరిగా పిలిపించి ఒళ్లు హూనమయ్యేలా చేయించే కసరత్తు (రగ్డా), స్టోర్లో సామాన్ల లెక్క, పెద్ద అధికారితో దూరప్రయాణం, ట్రాన్సిట్ క్యాంపులో ఒక రాత్రి బస, మెస్‌లో పార్టీ అయ్యాక దింపి వస్తానని తీసుకెళ్లే వాహనం, అడ్వెంచర్ శిక్షణ పేరుతో వెళ్లే క్యాంపులు. వీటికి పరిష్కారాలు పెద్ద ఖర్చుతో కూడినవి కావు. రోల్ కాల్ తర్వాత రిక్రూట్‌ను ఒంటరిగా శిక్షణ ఇచ్చే ఏ ఉస్తాదూ పిలవకూడదని, పిలవాల్సి వస్తే ఇద్దరు ఉండాలని, పిలిచిన వేళ, పిలిచినవారి పేరు గార్డు రిజిస్టర్లో ఎక్కించాలని లిఖిత ఆదేశం ఇస్తే సగం దారులు మూసుకుపోతాయి. స్నానాల గది బ్యారక్‌కు దూరంగా ఉంటే దారిలో లైటు, లోపలి వైపు గట్టి గడియ ఉండాలి. మహిళా సిపాయిని రాత్రి కాపలాకు ఒక్కదాన్నే మగ పై ర్యాంకు వాడితో జతచేయకుండా డ్యూటీ రోస్టర్ వేయాలి. రోస్టర్ రాసే హవల్దారుకు ఇది అరగంట పని. రాయకపోవడానికి కారణం ఒకటే, ఎవరూ అడగరు.

ఇక చట్టం సంగతి. 'మిలిటరీలో జరిగితే పోలీసులకు సంబంధం లేదు' అని చాలామంది తల్లిదండ్రులు నమ్ముతున్నారు. అది తప్పు. ఆర్మీ చట్టం 1950లోని 69వ సెక్షన్ కింద మామూలు శిక్షాస్మృతిలోని నేరాలను కోర్టు మార్షల్ (సైనిక న్యాయస్థానం) విచారించవచ్చు. 70వ సెక్షన్ దానికి హద్దు పెట్టింది. బాధితురాలు సైనిక చట్టం పరిధిలోకి రాని మనిషైతే, అంటే సిపాయి భార్యో, క్యాంటీన్లో పనిచేసే అమ్మాయో, ఊరి మనిషో అయితే, అత్యాచారం కేసును కోర్టు మార్షల్ విచారించకూడదు. యాక్టివ్ సర్వీసులో (యుద్ధరంగ విధుల్లో) గానీ, విదేశాల్లో గానీ, కేంద్రం ప్రకటించిన సరిహద్దు స్థావరంలో గానీ జరిగితేనే మినహాయింపు. నౌకాదళ, వైమానిక దళ చట్టాల్లోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. బాధితురాలు స్వయంగా యూనిఫాంలో ఉంటే రెండు దారులూ తెరిచే ఉంటాయి. ఏ కోర్టుకు పోవాలన్నది మొదట నిర్ణయించేది నిందితుడు పనిచేస్తున్న డివిజన్ లేదా బ్రిగేడ్ వంటి పై స్థాయి కమాండర్, 125వ సెక్షన్ కింద. మేజిస్ట్రేట్ ఒప్పుకోకపోతే 126 కింద కేంద్ర ప్రభుత్వానికి పంపవచ్చు. కేంద్రం మాటే చివరిది. బాధితురాలికి ఏ కోర్టు కావాలన్నది అడగాలని మాత్రం ఈ సెక్షన్లలో ఎక్కడా లేదు. ఆ ఒక్క వాక్యం చేర్చమని మా మొదటి కోరిక.

2021 సెప్టెంబరులో కోయంబత్తూరు వైమానిక దళ కళాశాల కేసులో ఇదే జరిగింది. శిక్షణలో ఉన్న మహిళా అధికారి పోలీసులకు ఫిర్యాదు చేసింది. నిందితుడైన అధికారిని పోలీసులు అరెస్టు చేశారు. తర్వాత కేసు కోర్టు మార్షల్‌కు బదిలీ అయింది. తనకు నిషేధించిన రెండువేళ్ల పరీక్ష (లైంగిక అనుభవం ఉందా అని వేళ్లతో చూసే పరీక్ష) చేశారని ఆమె ఆరోపించింది, వైమానిక దళం దాన్ని ఖండించింది. ఎవరి మాట నిజమన్నది ఇక్కడ మేం తేల్చబోవడం లేదు. ఆ పరీక్షను కేంద్ర ఆరోగ్య శాఖ 2014 మార్గదర్శకాలే వద్దన్నాయి. దాన్ని చేసేవారు దుష్ప్రవర్తనకు పాల్పడినట్టేనని సుప్రీంకోర్టు 2022 అక్టోబరు 31న చెప్పింది. ప్రతి సైనిక ఆసుపత్రి క్యాజువాల్టీ గోడ మీద ఈ తీర్పు సారాంశం రెండు లైన్లలో రాసి పెట్టాలి. శ్రీనగర్ వైమానిక స్థావరంలో 2023 డిసెంబరు 31 రాత్రి జరిగిందన్న ఘటన మీద బడ్గాం పోలీసులు ఎఫ్‌ఐఆర్ రాసింది 2024 సెప్టెంబరులో. అందులోని ఆరోపణల నిజానిజాలు కోర్టులో తేలాలి. కానీ ఎనిమిది నెలలు దాటాక ఒంటి మీద గానీ, బట్టల మీద గానీ, సీసీ కెమెరాలో గానీ ఏ ఆధారం మిగులుతుంది?

అందుకే మొదటి గంటల గురించి వివరంగా రాస్తున్నాం. ఈ పేరా కత్తిరించి దాచుకోమని సైన్యంలో చేరబోయే పిల్లలకూ, వాళ్ల అమ్మానాన్నలకూ మా మనవి. దాడి జరిగిన 96 గంటల్లోపు ఆసుపత్రికి వెళితే స్వాబ్‌లతో సహా అన్ని నమూనాలూ తీయాలని ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు చెబుతున్నాయి. గంట గడిచేకొద్దీ దొరికేది తగ్గుతుంది. వీలైతే స్నానం చేయకుండా, నోరు పుక్కిలించకుండా, బట్టలు మార్చకుండా వెళ్లాలి. చేసేసి ఉంటే ఇక లాభం లేదని ఆగిపోవద్దు, వెళ్లాలి. విడిచిన బట్టలు ఉతకకూడదు. ప్లాస్టిక్ కవర్లో మూట కట్టకూడదు. తడి ఆరక లోపల బూజు పడితే ఆ మరకలో పరీక్షకు పనికొచ్చేది పాడైపోతుంది. నీడలో గాలికి ఆరనిచ్చి, ఒక్కో బట్టను విడిగా ఒక్కో కాగితం సంచిలో పెట్టి, నోరు మడిచి అంటించి, పైన తేదీ, వేళ, పెట్టినవారి సంతకం ఉండాలి. ఆ సంచి ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో ప్రతిసారీ రాయాలి. ఒక చోట రాత తెగితే, మధ్యలో మార్చారని నిందితుడి తరఫు లాయరు వాదిస్తాడు. ఇంత శ్రద్ధగా దాచిన చొక్కా అక్కడ వృథా అయిపోతుంది.

గర్భం రాకుండా ఇచ్చే మాత్ర 72 గంటల్లోపు బాగా పనిచేస్తుంది. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపే మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. హెపటైటిస్ బి టీకా కూడా అడగాలి. ఎఫ్‌ఐఆర్ లేదని డాక్టరు పరీక్ష ఆపకూడదు. ఏ ఆసుపత్రైనా, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, ఉచితంగా చికిత్స చేయాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 397వ సెక్షన్ చెబుతోంది. యూనిట్లో ఉండే ఎంఐ రూం (చిన్న వైద్య కేంద్రం) ఈ పనికి చాలదు. అక్కడి డాక్టరు మంచివాడే అయినా ఆయన సీఓ కింద పనిచేస్తాడు, నమూనాలు తీసే కిట్ ఆయన దగ్గర ఉండకపోవచ్చు. ఒంటి మీద గాయాలు లేవని చెప్పి 'దాడి జరగలేదు' అని తేల్చేసే అధికారం ఏ డాక్టరుకూ లేదు. భయంతో బిగుసుకుపోయిన మనిషికి గాయాలు కాకపోవచ్చు, పై ర్యాంకు వాడి ముందు బిగుసుకుపోవడం సహజం కూడా. నేరం ఎక్కడ జరిగినా దగ్గర్లోని స్టేషన్లో జీరో ఎఫ్‌ఐఆర్ ఇవ్వవచ్చు. 112కు, 181కు ఫోన్ చేయవచ్చు. బాధిత మహిళలకు సాయం చేసే సఖి కేంద్రానికి నేరుగా నడిచి వెళ్లవచ్చు. దీనికి ఏ అధికారి అనుమతీ అక్కర్లేదు.

ఫోన్ సంగతి కూడా చెప్పాలి. వేధింపు మెసేజ్‌లను కోపంతో చెరిపేస్తారు, లేదా స్క్రీన్‌షాట్ తీసి అసలు చాట్ తీసేస్తారు. అసలు చాట్ ఉన్న ఫోన్ అలాగే ఉంచాలి. కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యం చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. సీసీ కెమెరా రికార్డు కొన్ని రోజులకో, వారాలకో దాని మీదే మళ్లీ రాసుకుపోతుంది. కాబట్టి ఫిర్యాదులోనే 'ఫలానా గేటు, ఫలానా వరండా కెమెరాల రికార్డును, గార్డు రిజిస్టర్ను, ఆ రాత్రి డ్యూటీ రోస్టర్ను, వాహనం లాగ్‌బుక్కును భద్రపరచండి' అని పేరుపేరునా రాసి, అందినట్టు సంతకం తీసుకోవాలి. అంతా రాసి ఈ ఒక్క వాక్యం మర్చిపోతే, విచారణ మొదలయ్యేసరికి కెమెరాలో ఏమీ ఉండదు.

పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపుల నివారణ చట్టం, 2013, అంటే పోష్ చట్టం సైన్యానికి కూడా వర్తిస్తుంది. అంతర్గత కమిటీ ఉండాలి, దానికి సీనియర్ మహిళ అధ్యక్షత వహించాలి, సభ్యుల్లో సగం మంది మహిళలై ఉండాలి, బయటి సంస్థ నుంచి ఒకరుండాలి. కాగితం మీద బాగానే ఉంది. ఆచరణలో తేడా వచ్చే చోట్లు చూడండి. పోస్టింగులు రెండు మూడేళ్లకోసారి మారతాయి కాబట్టి నోటీసు బోర్డు మీద పేర్లుంటాయి, ఆ మనుషులు వేరే ఊళ్లో ఉంటారు. నిందితుడు కల్నల్ అయితే అధ్యక్షురాలు మేజర్. 'సీనియర్ స్థాయి మహిళ' అని చట్టం అంటుంది గానీ, నిందితుడి కంటే పై ర్యాంకు ఉండాలని అనదు. ర్యాంకు మాటకు ఎదురు చెప్పకూడదని అకాడమీలో మొదటి రోజు నుంచి నేర్పిన చోట ఒక మేజర్ తన పై అధికారిని నిలదీసి ప్రశ్నలు ఎలా వేస్తుంది? బయటి సభ్యురాలిని గేటు దగ్గర పాస్ కోసం గంటలు నిలబెడితే రెండోసారి ఆమె రాదు. నిందితుడి కంటే ఒక ర్యాంకు పైనున్న మహిళను పక్క స్టేషన్ నుంచైనా, మరో దళం నుంచైనా పిలిపించాలన్నది మా సూచన. విశాఖ నౌకాదళ అధికారిణి సికింద్రాబాద్ ఆర్మీ కేసుకు అధ్యక్షత వహిస్తే ఏ యూనిట్ పరువూ పోదు.

గడువుల లెక్క కూడా తెలుసుకోవాలి. ఘటన జరిగిన మూడు నెలల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణముంటే కమిటీ మరో మూడు నెలలు పెంచవచ్చు. ఫిర్యాదు, జతచేసే కాగితాలు ఆరు ప్రతులు ఇవ్వాలి. ఏడు పనిదినాల్లో నిందితుడికి ఒక ప్రతి వెళ్తుంది, పది పనిదినాల్లో అతను జవాబివ్వాలి. విచారణ 90 రోజుల్లో ముగించాలి, పది రోజుల్లో నివేదిక, దాని మీద 60 రోజుల్లో చర్య. అన్నీ కలిపితే 160 రోజులు. ఆ 160 రోజులూ ఆమె ఎవరి కింద పనిచేయాలి? దీనికి జవాబు చట్టంలోనే ఉంది, చాలామందికి తెలియదు. నిందితుడు ఆమె పనితీరు మీద రిపోర్టు రాయకుండా, ఆమె ఏసీఆర్ మరో అధికారికి అప్పగించమని కమిటీ సిఫారసు చేయవచ్చని 2013 నియమావళిలోని 8వ నియమం చెబుతోంది. బదిలీ, మూడు నెలల వరకు అదనపు సెలవు కూడా ఇవ్వవచ్చు. కానీ ఇవన్నీ ఆమె రాతలో అడిగితేనే. కాబట్టి ఫిర్యాదుతో పాటే రెండో కాగితం రాయాలి: 'నా ఏసీఆర్ రాసే బాధ్యత మార్చండి, ఆయన్ను ఇక్కడి నుంచి కదిలించండి.' సాధారణంగా కదిలించేది అమ్మాయినే. ఆమె మంచికేనని పంపిస్తారు. కొత్త యూనిట్‌కు ఆమె కంటే ముందే కబురు చేరిపోతుంది.

ఆ తర్వాత ఆ అమ్మాయి అదే విషయం ఎన్నిసార్లు చెప్పాలో లెక్కపెట్టండి. సీఓకు మొదటిసారి. కమిటీకి రెండోసారి. కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ (ఏం జరిగిందో తేల్చే సైన్యం అంతర్గత విచారణ) వేస్తే మూడోసారి. అక్కడ ఆర్మీ రూల్ 180 ప్రకారం నిందితుడు ఎదురుగా కూర్చుని ప్రశ్నలు వేయవచ్చు. ఇంతా చేసి ఆ కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీలో చెప్పింది తర్వాత విచారణలో సాక్ష్యంగా చెల్లదు. సీఓ ముందు అభియోగం వినే రోజున నాలుగోసారి. కోర్టు మార్షల్‌కు ముందు సాక్ష్యాలు రాసుకునే సమ్మరీ ఆఫ్ ఎవిడెన్స్‌లో ఐదోసారి. కోర్టు మార్షల్లో ఆరోసారి. ప్రతిసారీ ఒక తేదీ, ఒక గంట, ఒక మాట అటూ ఇటూ అవుతుంది. ఏ మనిషికైనా అవుతుంది. ఆ తేడాలన్నీ ఏరి పట్టిక వేసి 'ఈమె మాట నిలకడగా లేదు' అంటారు. సివిల్ ఉద్యోగుల విషయంలో కమిటీ నివేదికనే శాఖాపరమైన విచారణ నివేదికగా తీసుకునే ఏర్పాటు ఉంది. సైన్యంలోనూ ఆమె వాంగ్మూలాన్ని ఒక్కసారి, మేజిస్ట్రేట్ ముందు, ఆడియో వీడియోతో నమోదు చేసి మిగతా చోట్ల దాన్నే వాడేలా నియమాలు మార్చాలి. మేం అడుగుతున్న వాటిలో అన్నిటికంటే ముందు జరగాల్సింది ఇదేనని మా అభిప్రాయం. కేసులు సగంలో వదిలేసేది శిక్ష పడదని కాదు, ఇంకోసారి చెప్పే ఓపిక లేక.

కోర్టు మార్షల్ కూర్పు గురించి కూడా ఒక మాట. జనరల్ కోర్టు మార్షల్లో కనీసం ఐదుగురు అధికారులు, జిల్లా కోర్టు మార్షల్లో ముగ్గురు కూర్చుంటారు. వాళ్లలో ఒక మహిళ ఉండాలని చట్టం చెప్పదు. వాళ్లిచ్చిన తీర్పు 153వ సెక్షన్ ప్రకారం పై అధికారి ధ్రువపరిస్తేనే చెల్లుతుంది. మొత్తం అధికార వరుస చుట్టూ తిరిగి కేసు మళ్లీ అక్కడికే వస్తుంది. మూడేళ్లు దాటితే అసలు కోర్టు మార్షలే వేయకూడదని 122వ సెక్షన్. అగ్నివీర్ సర్వీసు నాలుగేళ్లు. నాలుగేళ్ల తర్వాత రెగ్యులర్‌గా తీసుకోవడం (రిటెన్షన్) కోసం నోరు మూసుకున్న అమ్మాయి బయటికొచ్చి మాట్లాడేసరికి, మొదటి ఏడాది జరిగిన దానికి సైనిక గడువు దాటిపోయి ఉంటుంది. ఇంత తీవ్రమైన నేరాలకు ఈ గడువు ఎత్తేయాలి. అత్యాచారానికి మామూలు క్రిమినల్ కోర్టులో ఇలాంటి గడువు లేదు. ఆ దారి ఆమెకు మిగిలే ఉంటుందని కూడా తెలుసుకోవాలి.

క్షమాపణతో సరిపెట్టడం ఎక్కడికి దారితీస్తుందో బ్రిటన్ సైన్యంలో జేస్లీ బెక్ ఉదంతం చూపించింది. 2021 జులైలో ఒక శిక్షణ యాత్రలో సార్జెంట్ మేజర్ ఒకడు ఆమె మీద లైంగిక దాడి చేశాడు. ఆమె చెప్పింది. విషయం పోలీసులకు వెళ్లలేదు. అతనితో క్షమాపణ ఉత్తరం రాయించి, చిన్నపాటి శాఖాపరమైన చర్యతో ముగించారు. తర్వాత ఆమె పై అధికారి ఇంకొకడు వేల మెసేజ్‌లతో వెంటపడ్డాడు. ఈసారి ఆమె ఫిర్యాదు చేయలేదు. మొదటిసారి ఏం జరిగిందో చూసింది కదా. అదే ఏడాది డిసెంబరులో, 19 ఏళ్ల వయసులో, లార్క్‌హిల్ క్యాంపులో ప్రాణం తీసుకుంది. 2025లో జరిగిన మరణ విచారణలో సైన్యం వైఫల్యం తేటతెల్లమైంది, దాడి చేసినవాడికి తర్వాత జైలుశిక్ష పడింది.

అమెరికాలో వనెస్సా గియెన్ అనే 20 ఏళ్ల సిపాయి 2020 ఏప్రిల్లో ఫోర్ట్ హుడ్ స్థావరంలో హత్యకు గురైంది. అంతకుముందే ఆమెను పై ర్యాంకు వాడొకడు లైంగికంగా వేధించాడనీ, తెలిసినా అధికారులు పట్టించుకోలేదనీ సైన్యం తన విచారణలోనే ఒప్పుకుంది. ఆ తర్వాత వచ్చిన మార్పు మన విషయంలో పనికొస్తుంది. 2023 డిసెంబరు 28 నుంచి అత్యాచారం, లైంగిక దాడి వంటి కేసుల్లో ప్రాసిక్యూషన్ నిర్ణయం కమాండర్ చేతుల్లోంచి తీసేసి, కమాండ్‌తో సంబంధం లేని ప్రత్యేక న్యాయవాదులకు అప్పగించారు. వాళ్లు 2005 నుంచే ఇంకో పద్ధతి కూడా నడుపుతున్నారు. బాధితురాలు కేసు పెట్టకుండానే రహస్యంగా చెప్పుకుని, వైద్యం చేయించుకుని, నమూనాలు భద్రపరచుకోవచ్చు. ధైర్యం వచ్చాక దాన్ని పూర్తి ఫిర్యాదుగా మార్చుకోవచ్చు. అక్కడ రక్షణ శాఖ రెండేళ్లకోసారి సైనికులను పేరు అడగకుండా సర్వే చేసి ఫలితాలు బయటపెడుతుంది. 2021లో మహిళా సైనికుల్లో 8.4 శాతం మంది తమకు ఇష్టంలేని లైంగిక స్పర్శ ఎదురైందన్నారు, 2023లో అది 6.8 శాతం. అంకెలు బయటపెట్టినందుకు వాళ్ల సైన్యం బలహీనపడలేదు. మన రక్షణ శాఖ కూడా దళాలవారీగా ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని 90 రోజుల్లో ముగిశాయి, ఎన్నిట్లో నిందితుణ్ణి కదిలించారు, ఎన్నిట్లో ఆమెను కదిలించారు అన్న నాలుగు అంకెలు ఏటా పార్లమెంటు ముందు పెట్టాలి.

మగపిల్లల సంగతి కూడా రాయకపోతే ఈ ఉత్తరం అబద్ధమవుతుంది. బ్యారక్‌లో సీనియర్లు బట్టలు విప్పించడం, అసభ్యంగా తాకడం, అంతకు మించి చేయడం ర్యాగింగ్ పేరుతో చెల్లిపోతోంది. మగపిల్లాడైతే నోరు విప్పడానికి ఇంకా సిగ్గు. పోష్ చట్టం మహిళలకే. భారతీయ న్యాయ సంహితలో అత్యాచారం సెక్షన్ కూడా బాధితురాలు స్త్రీ అయితేనే. కానీ ఆర్మీ చట్టం 46వ సెక్షన్‌లోని క్రూరమైన, అసభ్యమైన అవమానకర ప్రవర్తనకు ఆడ మగ తేడా లేదు, ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. కింది ర్యాంకు వాణ్ణి హింసిస్తే 47వ సెక్షన్, అదీ ఏడేళ్ల వరకు. ఇంకొక్క సంగతి అందరూ మర్చిపోతున్నారు. అగ్నివీర్‌కు పదిహేడున్నర ఏళ్లకే అర్హత. పద్దెనిమిది నిండని రిక్రూట్, అబ్బాయైనా అమ్మాయైనా, చట్టం దృష్టిలో బాలుడే, బాలికే. వాళ్ల మీద లైంగిక దాడికి పిల్లలను అలాంటి నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం వర్తిస్తుంది. విషయం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకుండా దాచిన సంస్థ అధిపతికి ఏడాది వరకు జైలు. శిక్షణ కేంద్రం కమాండెంటు నుంచి ప్లటూన్ ఉస్తాదు దాకా అందరికీ ఈ మాట రాతలో ఇచ్చి సంతకం తీసుకోవాలి. ప్రతి బ్యాచ్‌లో పద్దెనిమిది నిండని వాళ్ల జాబితా వేరుగా ఉండాలి.

రెండు తెలుగు రాష్ట్రాల్లో వెంటనే చేయగల పనులున్నాయి. ఢిల్లీ ఆదేశాల కోసం ఆగాల్సినవి కావు. విశాఖ, సికింద్రాబాద్, దుండిగల్ చుట్టుపక్కల సఖి కేంద్రాలు, పోలీసుల భరోసా కేంద్రాలు, జిల్లా న్యాయసేవాధికార సంస్థలు కలిసి ఒక ఫోన్ నంబరును, ఒక మహిళా న్యాయవాదిని, నమూనాలు తీయడం వచ్చిన ఒక ప్రభుత్వ ఆసుపత్రిని నిర్ణయించి, సైనిక స్టేషన్ల నోటీసు బోర్డుల మీద తెలుగు, హిందీ, ఇంగ్లిషుల్లో పెట్టించవచ్చు. భువనగిరి జిల్లాలో ఆడపిల్లలను సైన్యానికి తయారుచేసే ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉంది, కోరుకొండ, కలికిరి సైనిక్ స్కూళ్లు ఇప్పుడు అమ్మాయిలను తీసుకుంటున్నాయి. పరుగు, పరీక్షలతో పాటు రెండు గంటల పాఠంగా పైన రాసిన గడువులు, కాగితం సంచి, ఫిర్యాదులో రాయాల్సిన వాక్యాలు అక్కడ చెప్పించండి. ఊరి కోచింగ్ సెంటర్లలోనూ చెప్పించండి. పిల్ల రైలెక్కే రోజున అమ్మానాన్నలు ఆ ఫోన్ నంబరును తమ ఫోన్లోనూ వేసుకోవాలి. రాత్రి పదింటికి 'అమ్మా' అని మాట ఆగిపోయిన ఫోన్ వస్తే, సర్దుకుపొమ్మని చెప్పకుండా, ముందు ఆ నంబరు తిప్పాలి.

— సైనిక న్యాయ, వైద్య విభాగాల్లో పనిచేసి విరమించిన కొందరం,
సికింద్రాబాద్